ఒక ఇంటిదాన్ని

మగాడికి పెళ్ళయితే
ఓ ఇంటివాడయ్యాడంటారు.
నేను సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో
ఎడమ బొటనవేలికి సిరా పూసుకుని
మార్చి నెల మిట్టమధ్యాహ్నం
ఓ ఇంటిదాన్నయ్యాను.
అక్షింతలు ఎవరూ వెయ్యలేదు.
డాక్యుమెంటు రైటరు మాత్రం
ఫలానావారి భార్యా, కూతురా అని రెండుసార్లడిగి
చివరికి కూతురనే రాశాడు, కొంచెం నిరాశగా.

శ్రీకాకుళంలో, బలగలో, సందు చివర
ఎనభై గజాలు.
పెద్దాసుపత్రి ల్యాబులో పదహారేళ్ళు
ఊరి నెత్తురు తీసి కొన్న రెండు గదులు.
వానాకాలం ఉబ్బిపోయే వీధి తలుపు,
కొంచెం పైకెత్తి లాగితే తప్ప రాదు.
ప్రతినెలా ఐదో తారీకు బ్యాంకు మెసేజి,
ఏ మగాడూ నాకు అంత క్రమంగా రాసింది లేదు.

ఆమదాలవలస నుంచి వచ్చినాయన
టీ తాగుతూ గోడలు తట్టి చూశాడు.
పైన ఇంకో అంతస్తు లేస్తుందా అన్నాడు
నా వయసు అడగడానికి ముందే.

నరసన్నపేట స్పేర్ పార్టుల షాపతను మంచివాడే,
నవ్వితే చిన్నపిల్లాడిలా ఉండేవాడు.
గేటు మీద పలకలో నా పేరు చదివాక
మాటలు తగ్గించేశాడు.
"జనం ఇల్లరికం అంటారండీ" అన్నాడు ఫోనులో.
మామగారు లేని ఇల్లరికం ఎలాగవుతుందని
అడుగుదామనుకునేలోపు పెట్టేశాడు.

ఎదురింటి అసిరమ్మ పిన్ని
చేపలు తోముతూ తలెత్తకుండా చెప్పింది:
"ఇల్లుందని సెప్పకే అమ్మీ. అద్దికున్నానను.
ఇల్లున్న ఆడదంటే మొగోలు
బయ్యపడతారు, నేకపోతే ఆశపడతారు.
మద్దినుండీవోడు దొరకడు."

అందుకే పలాస ఢిల్లేశ్వరరావుతో
ఏడు రోడ్ల కూడలి కాఫీ హోటల్లో
అద్దె ఇల్లన్నాను.
గేటు పలక ఊడదీసి
బియ్యం డబ్బా వెనక్కి తోశాను.

ఒక అబద్ధంలోకి ఇంకో అబద్ధం అద్దెకొస్తుంది.
ఇంటావిడంటూ ఒకరుండాలి కదా, పుట్టించాను.
మా ఇంటావిడ రాత్రి తొమ్మిదికి గేటు తాళమేస్తుంది.
గోడకి మేకు కొట్టనివ్వదు.
మగమనిషి గుమ్మంలో నిలబడితే
ముందు చెప్పులు చూస్తుంది, తర్వాతే మొహం.
తుపాను రాత్రి టాంకు మూత ఎగిరిపోతే
ఒక్కతే డాబా ఎక్కి, మూత దొరక్క,
టాంకు మీద పరదా అదిమి పట్టుకుని
తెల్లారేదాకా కూచుందట.

ఈ చివరిది అబద్ధం కాదు.

చెబుతూ చెబుతూ ఆవిడంటే నాకే ఇష్టం పుట్టింది.
ఇంకొకడైతే, అలాటి కొంపలో ఎందుకు, మారిపో అనేవాడు.
ఇతను కాఫీ తొరక కట్టేదాకా విని
"ఒక్కర్తే ఉంటాదా ఆవిడ? బయం లేదా?" అన్నాడు.
నన్నెవరూ అడగని ప్రశ్న
ఆవిడ తరఫున నాకొచ్చింది.
"ఉంది. చెప్పదు" అన్నాను.

మొన్నాదివారం పలాస నుంచి
రెండు జీడిపప్పు పొట్లాలు తెచ్చాడు.
చిన్నది నాకు. పెద్దది ఇంటావిడకి.
"తిని, తొమ్మిదిన్నర చేస్తాదేమో అడుగు" అని
బస్సు కిటికీలోంచి నవ్వాడు.

ఇంటికొచ్చి, తలుపు పైకెత్తి లాగి,
లైటు వెయ్యకుండా వంటింట్లో నిలబడి
పెద్ద పొట్లమే ముందు విప్పాను.
వచ్చే ఆదివారం చెప్పాలి.
చెబితే నవ్వుతాడో,
ఉన్న మనిషి పోయినట్టు బాధపడతాడో,
అతను కూడా గోడలు తడతాడో.
బియ్యం డబ్బా వెనక పలక చేతికి తగిలింది.
దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాను.

ఆలోచిస్తూ సగం తినేశాను.
మిగిలిన దానికి రబ్బరు బ్యాండు వేసి
పై అరలో దాచాను.
అది ఆవిడ వాటా.